జీర్ణోద్ధరణకు తగిన శకటమేది?



ఆగమగ్రంథాలలో జీర్ణోద్ధరణమని ఒక ప్రకరణం ఉంటుంది. శిథిలమైన ఆలయాన్ని బాగుచేసే విధానమంతా అందులో చెప్పబడింది. పని మొదలుపెట్టే ముందు మూలమూర్తి శక్తిని బాలాలయంలోకి ఆవాహన చేసి, పని ముగిసిన పిదప తిరిగి యథాస్థానానికి చేరుస్తారు. యాదగిరిగుట్టలో 2016 నుండి 2022 దాకా స్వామి దర్శనం బాలాలయంలోనే జరిగిన సంగతి మీలో చాలామంది ఎరుగుదురు. గోడ మారినా గోపురం మారినా దేవుడు మారడు గనుక గుడికి ఈ ఏర్పాటు సరిపోయింది. ఇనుపబండికి అటువంటి సౌకర్యం లేదు. పాడుపడిన పాత కారును కొని ఉద్ధరించదలచినవాడు దాని ప్రాణం ఏ భాగంలో ఉన్నదో ముందు తేల్చుకోవాలి. ఇంజనులో ఉన్నదని లోకం అనుకుంటుంది. నేను ఆ మాట ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే ఒక డెబ్బై ఏండ్ల చరిత్ర చెప్పాలి.

తెలుగు పండితునికి కార్లతో ఏమి పని అని అడగవచ్చు. నాకు కారు ఎన్నడూ లేదు. సైకిలుతో మొదలై స్కూటరుతో ఆగిన జీవితం నాది. అయితే ముప్పైయేండ్లకు పైగా పాఠం చెప్పినవానికి శిష్యులు అన్ని వృత్తులలోను ఉంటారు. ఛందస్సు ఒంటబట్టక వెనుకబెంచీలో కూర్చున్న ఒకడు నేడు విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగులో చేయి తిరిగిన మేస్త్రి. గణవిభజన చేయలేనివాడు రేకుమీద వేలితో తట్టి లోపల తుప్పు ఎంత దూరం పాకిందో చెప్పగలడు. మరొకడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. ఈ రెండవవాడు మొన్నామధ్య ఒక చిక్కు తెచ్చాడు. "మాస్టారూ, ఒక పాత కారు కొని బాగుచేయించాలని ఉన్నది. రెండు కనిపించాయి. ఒక్కదానికే డబ్బున్నది, అదీ పిల్ల చదువుకు దాచిన దాంట్లోంచి తీస్తున్నది. ఏది కొనమంటారు?"

మొదటిది 1968 నాటి అంబాసిడర్, మార్క్ 2. బాపట్ల దగ్గర ఒక పాత రైసు మిల్లు వసారాలో ఉన్నది. తాళంచెవి తిప్పితే ఇంజను మోగుతుంది, నాలుగడుగులు నడుస్తుంది కూడా. రెండవది 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్, నాలుగు తలుపులది. అనంతపురంలో ఒక ఇంటివెనుక రేకుల షెడ్డులో ఇరవై ఏండ్లుగా కదలలేదు. ఇంజను బిగుసుకుపోయింది. సీట్లు, వైర్లు ఎలుకలపాలు. అడిగిన ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే. అతని మిత్రులందరూ అంబాసిడరే కొనమన్నారట. నడిచే బండిని విడిచి నడవని బండిని కొనేవాడు ఎవడుంటాడు?

ఈ రెండు కార్ల పుట్టుక చూద్దాం.

బిర్లాల హిందుస్తాన్ మోటార్స్ 1942లో గుజరాతు తీరాన ఓఖా రేవులో మొదలైంది. 1948లో కలకత్తా సమీపంలోని ఉత్తరపారాకు తరలింది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో బొంబాయిలో పుట్టి, మొదట అమెరికా క్రైస్లర్ బండ్లను, తరువాత ఇటలీ ఫియట్లను తయారుచేసింది. మద్రాసులో 1948లో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వెలసింది. దాని కర్మాగారం నగరశివారులోని పెరుంగళత్తూరు వద్ద ఉండేది. విదేశీ విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకొనే కంపెనీలు ఆ రోజుల్లో మరికొన్ని ఉండేవి. ఇక్కడే తయారుచేసే ఉద్దేశం ఉన్నవారికే అనుమతి అని 1953లో ప్రభుత్వం విధానం ప్రకటించడంతో జనరల్ మోటార్స్ వంటివారు మూటాముల్లె సర్దుకున్నారు. ఆపైన మూడు దశాబ్దాలపాటు మన దేశంలో కారంటే ప్రధానంగా ఈ ముగ్గురివే. కలకత్తాది అంబాసిడర్, బొంబాయిది ఫియట్, మద్రాసుది హెరాల్డ్. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వరుసలో నిలిచిన తరం మనది.

ఉత్తరపారావారు బ్రిటనులోని మోరిస్ కంపెనీ బండ్లను తీసుకున్నారు. 1954లో వచ్చిన లాండ్‌మాస్టర్‌కు మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ వరుస. 1957లో మొదలైన అంబాసిడర్‌కు మాతృక అదే బండి మూడవ వరుస. మొదట పాతకాలపు సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. 1962లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 అని పేర్లు మారాయిగాని, ముందు జాలీ, లోపలి అలంకారాలు తప్ప ఆకృతి పెద్దగా మారలేదు. 2014 మే నెలలో తయారీ ఆగేదాకా అదే ఉబ్బిన వీపు, అదే గుండ్రని నుదురు. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొన్నది.

మనకు కావలసిన సంగతి దాని కట్టడంలో ఉన్నది. అంబాసిడర్‌కు విడిగా చట్రం లేదు. నేల, గడపలు, స్తంభాలు, పైకప్పు అన్నీ వెల్డింగుతో ఏకమై రేకుపెట్టె తానే చట్రమై బరువు మోస్తుంది. మోనోకాక్ అంటారు దీనిని. తలుపుల కింద నిలువునా పోయే పెట్టెవంటి భాగాన్ని నేను గడప అంటున్నాను. ఇంగ్లీషులో దానికున్న పేరుకు అర్థం కూడా అదే. ఇంటికి గడప కూలితే ఇల్లు కూలదు. ఈ బండికి గడపలు పోతే నడుము విరిగినట్లే. వెనుక కమాను పట్టీలు తగిలించే చోటు, ముందు టోర్షన్ బార్లు నాటుకొనే చోటు, అన్నీ ఆ రేకునే నమ్ముకొని ఉన్నాయి.

ఇక మద్రాసు బండి కథ. ఇది కొంచెం విపులంగా చెప్పక తప్పదు. 1952లో బ్రిటనులో మోరిస్‌వారి నఫీల్డ్ సంస్థ, ఆస్టిన్ సంస్థ ఏకమై బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. మరుసటి యేడు ఆ సంస్థ ఫిషర్ అండ్ లడ్లో అనే రేకుపని కర్మాగారాన్ని కొనేసింది. అంతదాకా కొవెంట్రీలోని స్టాండర్డ్ కంపెనీకి కార్ల శరీరాలు చేసి ఇస్తున్నది ఆ కర్మాగారమే. అది పోటీదారు గుప్పిట్లోకి పోయేసరికి స్టాండర్డ్‌వారికి రేపటి కారుకు పూర్తి శరీరం చేసిపెట్టే దిక్కు లేకపోయింది. అంత పెద్ద పని ఒక్కచోట చేయించుకొనే దారి మూసుకుపోయింది గనుక, కారును ముక్కలుగా విభజించి ఒక్కొక్క ముక్క ఒక్కొక్క చోట చేయించి, అన్నింటినీ ఒక ప్రత్యేకమైన చట్రంమీద బోల్టులతో బిగించే పద్ధతి ఎంచుకున్నారు. అప్పటికి యూరపులో చిన్న కార్లు చాలావరకు మోనోకాక్ దారి పట్టి ఉన్నాయి. వీరు వెనకటి పద్ధతికి మరలినారని పరిహసించినవారూ లేకపోలేదు. టూరిన్ నగరపు శిల్పి జొవాన్ని మికెలోట్టి దానికి చక్కని ఆకారం ఇచ్చాడు. 1959లో అది ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వెలువడింది. 1961లో మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. 948 సీసీ ఇంజను; ముందుభాగమంతా మొసలి నోరు తెరచినట్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది; ఇరుకు సందులో కూడా ఇట్టే తిరిగిపోతుంది. నాలుగు తలుపుల హెరాల్డ్ మద్రాసులో తప్ప ప్రపంచంలో మరెక్కడా తయారు కాలేదు. 1968 నుండి వచ్చిన మార్క్ 3 అదే. 1972లో గజెల్ అని మరో రూపం వచ్చింది, ఆ దశాబ్దం ముగియకముందే ఆగిపోయింది. 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారుతో కంపెనీ మరల ప్రయత్నించి, 1988కల్లా మూతపడింది.

ఇందులోని వింత మీరు గమనించే ఉంటారు. అంబాసిడర్‌కు పుట్టినిల్లయిన మోరిస్ కుటుంబమే రేకుల కర్మాగారాన్ని కొని పోటీదారు చేయి విరిచింది. ఆ చేయి విరగడంవల్లనే హెరాల్డ్ ముక్కలుగా పుట్టింది. ముక్కలుగా పుట్టినదాన్ని ముక్కలుగా విప్పవచ్చు. ఇంగ్లాండులో 1953లో జరిగిన వ్యాపారకలహం అనంతపురం షెడ్డులోని బండికి నేడు ఆయువు పోస్తున్నది.

ఇప్పుడు బాపట్లకు రండి. సముద్రపుగాలిలో ఉప్పు ఉంటుంది. దానికి తోడు రైసు మిల్లు. ఊక గాలిలో ఎగిరి ప్రతి సందులోను చేరుతుంది. చేరినది తేమ పట్టి ఆరదు. తలుపుల అడుగున, గడపల పెట్టెలలో నీరు పోవడానికి వదిలిన చిన్న రంధ్రాలను అది మూసేస్తుంది. ఇక తుప్పు బయటినుండి రానవసరం లేదు, లోపలినుండే తింటుంది. పైన మాత్రం నిగనిగలాడే తెల్లరంగు! మా మేస్త్రి చెప్పిన పరీక్ష ఇది: ఒక అయస్కాంతానికి గుడ్డ చుట్టి మడ్‌గార్డుల అంచులు, గడపలు, తలుపుల అడుగు భాగం వెంబడి పోనివ్వాలి. ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ రేకు లేదు, పుట్టీ ఉన్నది. తరువాత లోపలి పరుపులు ఎత్తి, నేలమీద స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. ఆపైన బండిని గడప కింద జాకీ పెట్టి లేపి, తలుపులు తెరచి మూయాలి. నేలమీద సజావుగా పడిన తలుపు జాకీమీద పట్టేస్తే నడుము వంగుతున్నదన్నమాట. చివరి పరీక్షకు మాత్రం ధైర్యం కావాలి, గడప మెత్తబడి ఉంటే జాకీ లోపలికి దిగిపోతుంది. శిష్యుడు బాపట్ల వెళ్లి మూడూ చేశాడు. అయస్కాంతం రెండు గడపల పొడవునా జారిపోయింది. స్క్రూడ్రైవరు డ్రైవరు కాళ్లుపెట్టే చోట పిడిదాకా దిగింది. జాకీ పరీక్ష వద్దన్నాను.

అంబాసిడర్‌లో తుప్పును సరిచేయలేమా? చేయవచ్చు. గడపలు కోసి కొత్తవి మలచి, నేల మార్చి, కొలతలు చెడకుండా లోపల అడ్డకడ్డీలు వేసి వెల్డింగు చేయించవచ్చు. కాని ఒక చోట కోయబోతే పక్కదీ పోయి ఉంటుంది. రేకు రేకును పట్టుకొని ఉన్న కట్టడంలో ఎక్కడ ఆపాలో తెలియదు. ఈ పనికి ముందుగా వెల చెప్పిన మేస్త్రిని నమ్మరాదని నాకు చెప్పినవాడు మేస్త్రియే. హెరాల్డ్‌లో గడపలు బరువు మోయవు, బోల్టులు విప్పి కొత్తవి బిగించుకోవచ్చు. అక్కడ చూడవలసింది చట్రం. నడుమ రెండు బలమైన దూలాలు, వాటినుండి ఇరుపక్కలకు చాచిన కొమ్ములు. తుప్పు ముందుగా పట్టేది ఈ కొమ్ములనే. దూలాలు గట్టిగా ఉంటే కొమ్ములు విడిగా అతికించుకోవచ్చు.

మరి బిగుసుకుపోయిన ఇంజను? ఇరవై ఏండ్లు కదలని ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడలను పట్టేస్తాయి. ప్లగ్గులు తీసి నూనె పోసి కొన్ని రోజులు నాననిచ్చి మెల్లగా తిప్పితే కొన్ని వదులుతాయి. వదలకపోతే విప్పి, లేత్‌లో బోరింగు చేయించాలి. అది ఖర్చే, కాని హద్దు తెలిసిన ఖర్చు. వైర్లు కూడా అంతే. ఆ కాలపు కారులో తీగలెన్ని? ఒక కాగితంమీద పటం గీయవచ్చు. సీట్లు ఎలుకలు కొరికితే కుట్టేవాడున్నాడు. ఏది కంటికి ఘోరంగా కనబడుతున్నదో అది చవకలో పోయేది; ఏది కనబడడం లేదో అది ఇల్లు ముంచేది.

అంబాసిడర్ పక్షాన చెప్పవలసిన న్యాయం ఒకటున్నది. దాని విడిభాగాలు దొరుకుతాయి. కలకత్తా మల్లిక్ బజారులో, చెన్నై పుదుపేటలో, మన ఆటోనగర్‌లో కూడా వెదికితే తలుపు మొదలు తిరుగుబొత్తం దాకా సంపాదించవచ్చు. హెరాల్డ్‌కు ఆ భాగ్యం లేదు. బ్రిటనులో ఆ బండి అభిమానులు నేటికీ సంఘాలుగా ఉన్నారు, చాలా భాగాలు అక్కడ మరల తయారవుతున్నాయి. కాని ఓడఖర్చు, సుంకం కలిపితే వెల మండుతుంది. నాలుగు తలుపుల మద్రాసు బండికి మాత్రమే చెందిన వెనుక తలుపులు, అద్దాలు అక్కడా దొరకవు. అందుచేత హెరాల్డ్ కొనేవాడు ముందుగా లెక్కపెట్టవలసినవి అద్దాలు, దీపాలు, తలుపుల పిడులు. అనంతపురం బండికి ఇవన్నీ ఉన్నాయి. కరవుసీమ ఎండలో రబ్బరు పెళుసెక్కిందిగాని ఇనుము చెడలేదు.

ఫియట్ ప్రస్తావన క్లుప్తంగా ముగిస్తాను. 1954లో మొదలైన 1100, ఆపైన డిలైట్, 1974 నుండి పద్మిని. 1089 సీసీ ఇంజను. తయారీ ఆగిపోయింది, బొంబాయి టాక్సీలలో ఆఖరిది 2023 అక్టోబరులో వీధి విడిచింది. అదీ మోనోకాకే గనుక అంబాసిడర్‌కు చెప్పినదే దానికీ వర్తిస్తుంది. చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాము రోల్స్‌రాయిస్‌తో ఎవరైనా పోలిక తెస్తారేమో. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ చేయించబూని, 1911లో కన్నుమూయడంతో చూడలేకపోయిన 1912 నాటి పసుపుపచ్చ సింహాసనపు కారు అది. అటువంటిదానికి లాభనష్టాల లెక్క ఉండదు. మనవంటివారు కొనే బండికి బాగుచేసిన ఖర్చు అమ్మకపు వెలలో తిరిగి రావడం అరుదని ముందే గుండె దిటవు చేసుకోవాలి.

నడుస్తున్న ఇంజను సంగతి మిగిలిపోయింది. బాపట్ల అంబాసిడర్ బానెట్ ఎత్తి చూస్తే లోపల ఉన్నది డీజిలు ఇంజను! అంబాసిడర్‌కు డీజిలు ఇంజను వచ్చిందే 1980లో. 1968 బండిలో అది పుట్టుకతో ఉండే అవకాశం లేదు. పెట్రోలు ధర భరించలేక నాడు ఎందరో చేయించిన మార్పు ఇది, తప్పుపట్టను. మా విద్యలో దీనిని ప్రక్షిప్తమంటారు. బ్రౌనుదొర కడపలో పండితులను పెట్టుకొని కావ్యాలను పరిష్కరింపజేసినప్పుడు ఒక్క ప్రతినే నమ్మక అనేక ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు. నడక బాగుందని ప్రక్షిప్తాన్ని మూలమనుకోరాదు గదా. కారుకు అటువంటి మూలప్రతి రిజిస్ట్రేషను పుస్తకం. ఇంజనుమీది అంకె, ఛాసిస్‌మీది అంకె, పుస్తకంలోని అంకెలు మూడింటికీ పొత్తు కుదరాలి. ఇంజను మార్చినవారు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి పొంది పుస్తకంలో ఎక్కించుకోవాలి. బాపట్ల బండికి పుస్తకమే లేదు, ఎక్కడో పోయిందట.

ఈ పొత్తు ఇప్పుడు మరింత ముఖ్యమైంది. 50 ఏండ్లు దాటిన బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేయడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఛాసిస్, శరీరం, ఇంజను మూలరూపంలో ఉండాలి, గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000, పదేండ్లు చెల్లుతుంది. కొత్త నమోదుకు వీఏ అనే అక్షరాలతో సంఖ్య ఇస్తారు. పాత సంఖ్య ఉన్నవారు దానినే నిలుపుకోవచ్చు. రోజువారీ ప్రయాణానికి, అద్దెకు ఆ బండిని వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తిప్పుకోవచ్చు. మన శిష్యుడికి అంతకుమించి అక్కర లేదు. డీజిలు ఇంజను పెట్టిన అంబాసిడర్ ఈ గడప దాటలేదు.

అనంతపురం బండి కాగితాలు ఉన్నవిగాని యజమాని కాలధర్మం చెందాడు. పుస్తకం ఆయన పేరనే ఉన్నది. ముందుగా ఫారం 31తో ఆయన భార్య పేరిటికి మారాలి. ఆ తరువాతే 29, 30 ఫారాలతో మనవాడి పేరిటికి. 2014 తరువాత రెండు రాష్ట్రాలు గనుక హైదరాబాదుకు తేవాలంటే అక్కడి కార్యాలయంనుండి నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ఇవన్నీ అయ్యేదాకా పూర్తి సొమ్ము ఇవ్వవద్దని, ఆ పెద్దావిడను తొందరపెట్టవద్దని రెండు మాటలూ చెప్పాను. ధర విషయంలో బేరమాడమన్నాను, పుస్తకం విషయంలో వద్దన్నాను.

నిన్న అతడు అనంతపురం వెళ్లాడు. ఇంజనుమీది అంకె పుస్తకంతో సరిపోయింది. కిందికి దూరి కొమ్ములన్నీ సుత్తితో తట్టి చూశాడట. ఎడమపక్క వెనుక కొమ్ము ఒకటి పెళ్లలుగా రాలింది, మిగిలినవి కంచులా మోగాయి. దూలాలమీద స్క్రూడ్రైవరు దిగలేదు. ఫోటోలు నాకు పంపి, ఆ ఒక్క కొమ్ము కొత్తది చేసి అతికించడానికి ఎంత అవుతుందో ఆటోనగర్‌లో కనుక్కొమ్మన్నాడు. రేపు ఉదయం బస్సుకు వెళ్తున్నాను.